మామూలు నీళ్ల తొట్టి

వానలు మొదలైన వారం మా నల్లా నీళ్లు బ్లీచింగ్ పౌడర్ వాసన కొడతాయి. హనుమకొండలో ఉండేవాళ్లకు ఇదేమీ కొత్త సంగతి కాదు. కొత్తనీళ్లు కలుస్తాయన్న జాగ్రత్తతో ఆ నాలుగు రోజులూ మందు కాస్త ఎక్కువే వేస్తారు. మనం ముక్కు మూసుకుని బిందెలు నింపి, సాయంత్రం దాకా మూత తీసి పెట్టుకుంటాం. మొన్న పొద్దున వంటింట్లో నల్లా తిప్పగానే ఆ వాసన గుప్పుమంది. బిందె అక్కడే వదిలేసి పీట మీద కూర్చుండిపోయాను. "ఏమైంది, కండ్లు తిరుగుతున్నయా?" అన్నాడు మా ఆయన. "నీళ్ల వాసన" అన్నాను. "ఏటా వచ్చేదే గద" అంటూ తనే బిందె నింపాడు. అవును, ఏటా వచ్చేదే. ఏటా నాకు ఇలాగే అవుతుందని మాత్రం ఆయనకు ఇంతవరకూ చెప్పలేదు.

ఆ వాసనతో నాకు గుర్తొచ్చే మనిషి ఎస్తేర్ రాణి మేడం. ఊళ్లోని ఒక డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవారు. పొట్టిగా, గట్టిగా ఉండేవారు. చేతి గడియారం మణికట్టు లోపలి వైపు పెట్టుకునేవారు. చెరువు దగ్గరికి వెళ్తే నేత చీర మోకాళ్ల దాకా ఎగదోపి నల్ల రబ్బరు బూట్లు తొడిగేవారు. ఆ అవతారం చూసి నవ్వని విద్యార్థి లేడు. వెనకాల అందరూ "నత్తల మేడం" అనేవారు, ఆ సంగతి ఆవిడకూ తెలుసు. ఆదివారం చర్చి నుంచి నేరుగా ల్యాబుకు వచ్చేవారు. ఒకే సంచిలో కీర్తనల పుస్తకం, భూతద్దం, టిఫిను డబ్బా ఉండేవి. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం చేసిన అమ్మాయితో "తీరిక దొరకలే" అన్నారట.

నేను వర్ధన్నపేట నుంచి వచ్చాను. మాది పత్తి, పసుపు వేసే ఇల్లు. ఎమ్మెస్సీ అయ్యాక ఆవిడ దగ్గర ప్రాజెక్టు అసిస్టెంట్ ఉద్యోగం ఉందని తెలిసి వెళ్తే, ఇంటర్వ్యూ అని కూర్చోబెట్టి నా మార్కుల గురించి ఒక్క మాటైనా అడగలేదు. నీళ్ల పరీక్ష రిపోర్టు ఒకటి చేతిలో పెట్టారు. ఇనుము, సీసం, ఆర్సెనిక్ అంటూ వరసగా పేర్లు, ఒక్కోదాని పక్కన నీళ్లలో ఎంత ఉందో, ఎంతవరకు ఉండొచ్చో రాసి ఉంది. ఆవిడ వేలు కిందికి జరిగి వనేడియం అనే లోహం దగ్గర ఆగింది. నీళ్లలో ఎంత ఉందో అంకె ఉంది. ఎంతవరకు ఉండొచ్చన్న గడిలో చిన్న గీత మాత్రం ఉంది.

"ఈ గీతకు అర్థమేంది బిడ్డా?" అన్నారు.

"దాంతోని ప్రమాదం లేదని మేడం."

"కాదు. ఎంతుంటే ప్రమాదమో ఇక్కడ ఎవ్వరూ చూడలేదని. చూడనిదాన్ని మంచిదని ఎట్లంటవ్?"

ఉద్యోగం పోయిందనుకున్నాను. మర్నాటి నుంచి రమ్మన్నారు. తప్పు చెప్పినదాన్ని ఎందుకు తీసుకున్నారని చాలా రోజుల తర్వాత అడిగాను. "నీ కంటే ముందు వచ్చినోళ్లు ఆ గీతను చూడనే లేదు. నువ్వు చూసి తప్పు చెప్పినవ్" అన్నారు. ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానో ఇప్పుడు తలుచుకుంటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఆవిడ ఆ లోహం వెంట పడటానికి కారణం ఒక ఊరు. ఆ ఊరి పేరు రాయను. పాలంపేట వైపు వెళ్లే బస్సెక్కి మధ్యలో దిగి, ఆటోలో లోపలికి పోవాలి. ఊరికి ఎగువన ఇనుపరాయి తీసే చిన్న గని ఉండేది. ఆ రాయిలో ఇనుముతో పాటు వనేడియమూ ఉంది. దాన్ని ఇంకా పెద్దది చేస్తారని, గుంతల్లోంచి తోడిన నీళ్లు వాగులోకి వదులుతారని అప్పటికే మాట వినబడుతోంది. ఆ వాగు వచ్చి కలిసేది ఊరి చెరువులోనే. అక్కడ చేపలు పట్టేవాళ్ల సంఘానికి పెద్ద మల్లయ్య. మేడం బూట్లు చూసి నవ్వని మనిషిని మొదటిసారి అక్కడే చూశాను. "మేడం, గని గుంత పక్క కుంటల నత్తలు లేకుంటనే అయినయ్. నత్తగుల్ల కొంగలు అటు దిక్కు వస్తనే లేవు" అన్నాడు. "చేపలో?" అని నేను అడిగాను. "చేపలు బతికే ఉన్నయ్. అందుకే ఎవ్వరు ఫికర్ చేస్తలేరు" అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మేడం ఒక్క మాటే అన్నారు: "చావుడు, బతుకుడు తప్ప నడుమ ఇంకేం లేనట్టు పరీక్షలు పెట్టుకున్నం మనం." గని నీళ్లలో చేపను నాలుగు రోజులు ఉంచి, చావకపోతే నీళ్లు మంచివని రాయడమే అందరికీ అలవాటైన పరీక్ష. మేడం అడిగింది వేరే ప్రశ్న. బతికి ఉన్న నత్త గుడ్లు పెడుతోందా, లేదా?

అందుకని ల్యాబు వెనక వరండాలో అయిదు గాజు తొట్లు పెట్టాం. ఒకదాంట్లో మామూలు నీళ్లు. మిగతా నాలుగింట్లో వనేడియం ఒకదానికంటే ఒకదాంట్లో ఎక్కువ. అన్నింట్లోనూ చిన్న చెరువు నత్తలు, వాటికి తిండి ఉడికించిన పాలకూర. మూడు రోజులకొకసారి సగం నీళ్లు తీసి కొత్తవి పోయాలి. కొత్తవంటే నల్లా కింద పట్టినవి కావు. డ్రమ్ములో నింపి ఒక రాత్రీ పగలూ మూత తీసి ఉంచితే మందు వాసన పోతుంది, అప్పుడే పోయాలి. నల్లా నీళ్లలోని మందు మనకు మంచిదే కాని నత్తకు విషం. ఆ డ్రమ్ము నింపే పని నాది. ప్రతి ఉదయం భూతద్దం పెట్టి తొట్టి గోడలకు అంటుకున్న జిగురు ముద్దల్లో గుడ్లు లెక్కపెట్టడం మేడం పని. నెల గడిచేసరికి సంగతి కళ్లకే కనబడసాగింది. లోహం పెరిగే కొద్దీ గుడ్లు తగ్గుతున్నాయి. చివరి తొట్టిలో నత్తలు హాయిగా పాలకూర తింటున్నాయి, తిరుగుతున్నాయి, గుడ్లు మాత్రం లేవు. మామూలు నీళ్ల తొట్టి నిండా గుడ్లే. "ఇంకొక్క నెల బిడ్డా. పిల్లలు బయటికొచ్చేదాంక చూస్తే, ఇగ ఎవ్వరూ కాదనలేరు" అన్నారు మేడం. అది ఆవిడ రిటైరయ్యే ఏడాది. ఆ తర్వాత వరండా ఉండదు, తొట్లు ఉండవు.

సద్దుల బతుకమ్మ రోజు అది. పొద్దున నీళ్లు మార్చి, తొమ్మిది గంటల బస్సుకు ఊరెళ్లాలి. అమ్మ ముందు రోజే ఫోన్ చేసి తంగేడు పువ్వు తెచ్చి పెట్టామని, నేను వస్తేనే పేరుస్తామని చెప్పింది. ఆ హడావుడిలో డ్రమ్ము నింపడం మరిచిపోయాను. అడుగున మిగిలిన నీళ్లు లోహం కొలిచి కలపాల్సిన నాలుగు తొట్లకు సరిపోయాయి. మామూలు నీళ్ల తొట్టి మిగిలింది. గడియారం చూసుకున్నాను. ఇందులో లోహం లేదు, ఏమీ లేదు, ఉత్త నీళ్లే కదా అనుకున్నాను. రెండేళ్లు ఆవిడ పక్కన పనిచేసి కూడా అలా అనుకున్నాను. మిగతా నాలుగింటి సంగతి తేల్చేది ఆ ఒక్క తొట్టేనని, దానితో పోల్చి చూడకపోతే అవి దేనికీ పనికిరావని ల్యాబుకు వచ్చే పిల్లలకు నేనే చెప్పేదాన్ని. నల్లా తిప్పి మగ్గుతో పోశాను. వాసన వచ్చింది. వచ్చిందని నాకు బాగా తెలుసు. తొమ్మిది గంటల బస్సు దొరికింది, సాయంత్రం బతుకమ్మ కూడా ఆడాను.

రెండు రోజుల తర్వాత వచ్చేసరికి మేడం ఆ తొట్టి ముందు వంగి ఉన్నారు. నత్తలు నీళ్లు వదిలి అంచుల మీదికి ఎక్కి ఉన్నాయి, కొన్ని అడుగున నోళ్లు తెరిచి పడి ఉన్నాయి. గుడ్ల ముద్దలు తెల్లబడిపోయాయి. ఆవిడ కోపంగా లేరు. కంగారుగా ఉన్నారు, అప్పటిదాకా ఆవిడను అలా చూడలేదు.

"నీళ్లు ఏడివి పోసినవ్ బిడ్డా?"

"డ్రమ్ముల నీళ్లే మేడం."

ఒక్క క్షణం కూడా పట్టలేదు ఆ మాట రావడానికి. ఆవిడ నా ముఖం కేసి చూడను కూడా లేదు, అంత నమ్మకం. డ్రమ్ము కడిగారు, గొట్టాలు చూశారు, పాలకూర ఎక్కడ కొన్నామని అడిగారు. వారం రోజులు ఎదురుచూశారు. బతికిన రెండు మూడు నత్తలు మళ్లీ గుడ్లు పెట్టలేదు. చివరికి రికార్డు పుస్తకంలో తన గుండ్రటి చేతిరాతతో రాసి సంతకం చేశారు: "మామూలు నీళ్ల తొట్టిలోనూ గుడ్లు నిలవలేదు. కారణం తెలియదు. ఈ ప్రయోగం నుంచి ఏ నిర్ణయానికీ రాలేము." నేను పక్కనే నిలబడి చూశాను. ఇప్పుడు చెప్పొచ్చు అనుకున్నాను, సాయంత్రం చెప్పొచ్చు అనుకున్నాను. మార్చిలో ఆవిడ రిటైరయ్యారు. నాకు గనులకూ ఫ్యాక్టరీలకూ పర్యావరణ నివేదికలు రాసిచ్చే ఒక కన్సల్టెన్సీలో ఉద్యోగం వచ్చింది. అది కూడా ఆవిడ ఇచ్చిన సిఫారసు ఉత్తరం మీదే.

మూడేళ్లకు ఆ గనిని పెద్దది చేసే ఫైలు మా ఆఫీసుకే వచ్చింది. వద్దని తప్పుకోవచ్చు. తప్పుకుంటే ఎందుకని అడుగుతారు. అందుకే తప్పుకోలేదు. ఆ ప్రాంతంలో ఇదివరకు ఎవరైనా పరిశోధన చేశారేమో చూడమని మా బాసు చెప్పాడు. కాలేజీ లైబ్రరీలో ఉన్న మేడం రికార్డు తెచ్చి చూపించాను. ఆయన చివరి పేజీ చదివి, "ఇంకేం, ఆమెనే రాసింది గద" అన్నాడు. నివేదికలో ఆ పేరా నేనే రాశాను: స్థానికంగా జరిగిన ప్రయోగంలో మామూలు నీళ్లలోనూ గుడ్లు నిలవలేదు, కాబట్టి నష్టానికి లోహం కారణమని చెప్పలేము. ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఇంత మోసమైన వాక్యం నేను ముందూ రాయలేదు, తర్వాతా రాయలేదు.

ప్రజాభిప్రాయ సేకరణ సభ ఆ ఊరి బడి ఆవరణలో జరిగింది. టెంటు, కుర్చీలు, వేదిక మీద అధికారులు. మా వాళ్ల వరసలో నేను. మల్లయ్య, సంఘం వాళ్లు ముందే వచ్చి కింద కూర్చున్నారు. మేడం బస్సులో ఒక్కరే వచ్చారు. నన్ను చూసి సంతోషంగా చెయ్యి ఊపారు. మల్లయ్యతో, "మా సరిత వచ్చింది, ఫికర్ లేదు" అనడం నాకు వినబడింది. తన వంతు రాగానే లేచి గనిని ఆపమని అడగలేదు. నీళ్లు వదిలే ముందు ఒక్క వానాకాలం నత్తల మీద పూర్తి పరీక్ష చేయించమని, అంతవరకు ఆగమని అడిగారు. అధికారి మా నివేదిక తిరగేసి మైకు నాకు ఇప్పించారు.

"ఈ ప్రయోగం గురించి మీకు తెలుసా?"

"తెలుసు సార్. నేను అప్పుడు అక్కడే పనిచేసిన."

"మామూలు నీళ్లల్ల కూడా గుడ్లు నిలవలేదా?"

"రికార్డుల ఉన్నది నిజమే సార్."

ఆయన మేడం వైపు తిరిగారు. "మీరేమంటరమ్మా?" ఆవిడ ఇంకా నిలబడే ఉన్నారు. ఒక్క చిన్న బొంకు చాలు, ఆ ఊరంతా ఆవిడ పక్షాన లేచేది. "నిజమే సార్. మామూలు నీళ్ల తొట్టిల గూడ నిలవలే. ఎందుకో నాకు తెల్వదు" అని కూర్చున్నారు. వెనక వరసలో ఎవరో నవ్వారు. మల్లయ్య ఆవిడ వైపు కాక నా వైపు చూశాడు. నేను మైకు పక్కవాడికి ఇచ్చేశాను. అనుమతి వచ్చింది, మరుసటి ఏడు నీళ్లు వాగులోకి వదిలారు. సభ అయ్యాక మేడం నా దగ్గరకు వచ్చి, "నువ్వు ఉన్నది ఉన్నట్టు చెప్పినవ్ బిడ్డా, మనసుల పెట్టుకోకు" అన్నారు. ఆ మాట నన్ను ఎన్ని రోజులు నిద్రపోనివ్వలేదో చెప్పినా ఇప్పుడు ప్రయోజనం లేదు.

ఆవిడకు గుండె జబ్బు అని, దవాఖాన నుంచి ఇంటికి తెచ్చారని తెలిసి నిరుడు వెళ్లాను. అప్పటికి ఆ బతుకమ్మ రోజు జరిగి ఎనిమిదేళ్లు. చెల్లెలి కూతురు కుర్చీ వేసి టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. బత్తాయి పళ్లు మంచం పక్కన పెట్టి, కూర్చోకముందే చెప్పేశాను. కూర్చుంటే మళ్లీ చెప్పలేనని తెలుసు.

"మేడం, ఆనాడు మామూలు నీళ్ల తొట్టిల నల్లా నీళ్లు పోసిన. డ్రమ్మువి కావు. మీకు అబద్ధం చెప్పిన."

తిడితే బాగుండునని నిలబడ్డాను.

"ఎన్ని మగ్గులు?" అన్నారు.

"ఆరు మేడం."

"వాసన వస్తుండెనా?"

"వస్తుండె."

"మిగిలిన నాలుగు తొట్లల్ల?"

"అవిట్ల డ్రమ్ము నీళ్లే. ఒట్టు మేడం."

"ఒట్టెందుకు? ఆ పుస్తకం అందుకో." అలమారలో తన సొంత ప్రతి ఉంది. దిండు ఎత్తు చేయించుకుని, "కారణం తెలియదు" కింద తారీఖు వేసి, ఆరు మగ్గులు, నల్లా నీళ్లు, మందు వాసన అని రాశారు. నన్ను సంతకం పెట్టమన్నారు. పెట్టాను. తల ఎత్తి చూస్తే ఆవిడ ముఖంలో కోపం లేదు, సంతోషం ఉంది. అది చూడలేకపోయాను.

"అంటే నాలుగు తొట్లు మంచిగనే ఉన్నయన్నట్టు! లోహం పెరిగిన కొద్ది గుడ్లు తగ్గుడు నిజమే అన్నట్టు. తొట్టి నేనే సబ్బుతోని కడిగిన్నేమో, నా చేతుల్నే ఏదో తప్పుండెనేమో అనుకున్న ఇన్నేండ్లు. నత్తలు చెప్తనే ఉన్నయ్ బిడ్డా, నేనే నమ్మకపోతి." తర్వాత కళ్లు మూసుకుని అన్నారు: "ముందుగాల మల్లయ్యకు చెప్పు. పర్మిషన్ ఇచ్చిన ఆఫీసుకు తర్వాత రాయి. ఆ దినం నువ్వు చెప్పింది కూసోని ఇన్నది వాళ్లు."

వచ్చే ఆదివారం వెళ్తానన్నాను. వెళ్లలేదు. ఆవిడ ఫోన్ చేసి, "పోయినవా?" అని అడిగారు. పని పడిందన్నాను. ఇంకో పదిహేను రోజులకు మళ్లీ చేశారు, ఆయాసంతో మాట సరిగా రాలేదు, "జర పోయిరా బిడ్డా" అన్నారు. ఆఫీసుకు ఉత్తరం రాసి పోస్టులో వేశాను. కాగితానికి ముఖం ఉండదు కనుక ఆ పని చేయగలిగాను. మూడోసారి ఫోన్ వచ్చింది ఆవిడ నుంచి కాదు, చెల్లెలి కూతురి నుంచి. సమాధి దగ్గర కీర్తన పాడుతుంటే చివరి వరసలో నిలబడ్డాను. మట్టి వేయడానికి ముందుకు రమ్మని పిలిచారు, పోలేకపోయాను.

ఆ తర్వాతి ఆదివారం బస్సెక్కాను. చెరువు చూడ్డానికి ఎప్పటిలాగే ఉంది. మల్లయ్య కట్ట మీద వల కుడుతున్నాడు, జుట్టు పూర్తిగా నెరిసింది. మేడం పోయారని చెబితే దారం వదిలి రెండు చేతులూ జోడించాడు. చెల్లెలి కూతురిని అడిగి తెచ్చిన పుస్తకంలో ఆ పేజీ తీసి చదివి వినిపించాను. నల్లా నీళ్ల సంగతి, నా అబద్ధం సంగతి, సభలో నేను చెప్పినదాని సంగతి ఏదీ దాచలేదు. కావాలంటే ఆఫీసులో ఎవరి ముందైనా ఇదే చెబుతానన్నాను. ఇప్పటికైనా పరీక్ష చేయిస్తారేమో అడుగుదామన్నాను.

"ఇప్పుడు దేంతోని పోలుస్తరు? చెరువు నిండ గని నీళ్లే గద" అన్నాడు. తిట్టినట్టు అనలేదు, అనుమానం అడిగినట్టు అన్నాడు. ఆయన వల ఒళ్లోకి లాక్కుని, తెగిన కన్ను ఎక్కడుందో వెతుక్కుంటూ మళ్లీ అడిగాడు.

"నాకు ఒక్కటి సమజైతలేదు బిడ్డా. మేడానికైతె తెల్వకపాయె. నీకు తెలుసు గద. ఆ దినం మైకు నీ చేతులనే ఉండె గద?"

"ఉండె" అన్నాను.